నాక్స్ బైబిలు చేతికొస్తే: ఉపదేశులకూ, పఠనాలు చదివేవాళ్ళకూ ఒక వాడకం గైడ్

విజయవాడ ఏలూరు రోడ్డు పాత పుస్తకాల దుకాణాల్లోనో, గుంటూరు వైపు ఏదో విచారణ గురువుల బంగళాలో దుమ్ము పట్టిన బీరువాలోనో రోనాల్డ్ నాక్స్ ఇంగ్లిష్ బైబిలు మీ చేతికి రావచ్చు. లేదా అంతకన్నా పాతదైన డూయే-రీమ్స్ దొరకవచ్చు. తీసుకోండి. అయితే దాన్ని పక్కన పెట్టుకుని ఆదివారం ప్రసంగానికి నోట్సు రాసేటప్పుడు, బైబిలు క్విజ్‌కి ప్రశ్నలు తయారు చేసేటప్పుడు, మొదటి రోజే ఒక చిక్కు వస్తుంది: అందులో చెప్పిన అధ్యాయం, వచనం తెలుగు బైబిల్లో తీసి చూస్తే అక్కడ వేరే మాట ఉంటుంది. పుస్తకం తప్పు కాదు, అచ్చు తప్పూ కాదు. ఆ ఇంగ్లిషు కింద ఉన్న మూలపాఠం వేరు. ఏ ఇంగ్లిష్ బైబిలునైనా వాడే ముందు అది ఏ భాషలోంచి వచ్చిందో తేల్చుకుంటే సగం తలనొప్పులు అక్కడే తీరిపోతాయి.

ముందు పేజీలతో మొదలుపెట్టండి

పేరు రాసిన పేజీ వెనక్కి తిప్పి చూడండి. ‘లాటిన్ వుల్గేటు నుండి’ (అంటే పునీత జెరోము చేసిన లాటిన్ బైబిలు నుండి) అని ఉందా, ‘మూల భాషల నుండి’ (అంటే హెబ్రీ, గ్రీకుల నుండి) అని ఉందా? కతోలికులు చేసిన ఇంగ్లిష్ బైబిళ్ళు దాదాపు అన్నీ ఈ రెండు గట్లలో ఎటో ఒకవైపు ఉంటాయి.

లాటిన్ గట్టు మీదివి మూడు తెలిస్తే చాలు. డూయే-రీమ్స్ మొదటిది. కొత్త నిబంధన 1582లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో, పాత నిబంధన 1609-10లో డూయేలో అచ్చయ్యాయి. అందులో ఎక్కువ పని గ్రెగరీ మార్టిన్‌ది. దాన్ని 1749-52 మధ్య బిషప్ రిచర్డ్ చాలనర్ సవరించారు, ఆ సవరణ రెండోది. నేడు డూయే-రీమ్స్ పేరుతో అమ్మేది దాదాపు ఎప్పుడూ చాలనర్ సవరణే, కాబట్టి 1582 నాటి భాష ఇదేనని ఎవరికీ చెప్పకండి. మూడోది నాక్స్‌ది. ఆయన ఆంగ్లికన్ బిషప్ కొడుకు. 1917లో కతోలిక సంఘంలో చేరి తర్వాత గురువయ్యారు. ఇంగ్లండు పీఠాధిపతులు అడిగితే ఒంటరిగా కూర్చుని దాదాపు తొమ్మిదేళ్ళలో మొత్తం బైబిలు ఇంగ్లిష్ చేశారు. కొత్త నిబంధన 1945లో అధికారికంగా వచ్చింది.

ఆయన లాటిన్‌నే ఎందుకు పట్టుకున్నారంటే, 1546లో కతోలిక పీఠాధిపతుల ట్రెంట్ సభ వుల్గేటును ప్రామాణికమని ప్రకటించాక కతోలిక అనువాదాలకు అదే ఆధారంగా నడిచింది. 1943 సెప్టెంబరు 30న, సరిగ్గా పునీత జెరోము పండుగనాడు, 12వ పయస్ పాపుగారు ఒక విశ్వలేఖ రాసి హెబ్రీ, గ్రీకు మూలాల నుండి పనిచేయమని పండితులను ప్రోత్సహించారు. అప్పటికి నాక్స్ పని సగంలో ఉంది. ఆ తర్వాత వచ్చిన జెరూసలేం బైబిలు (ఇంగ్లిషులో 1966), అమెరికా పీఠాధిపతుల న్యూ అమెరికన్ బైబిలు లేదా ఎన్.ఎ.బి. (1970, సవరించినది 2011), రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ లేదా ఆర్.ఎస్.వి. కతోలిక ప్రతి (1966), మన దేశంలో 2018లో వచ్చిన ఇంగ్లిష్ స్టాండర్డ్ వెర్షన్ లేదా ఇ.ఎస్.వి. కతోలిక ప్రతి అన్నీ మూల భాషల గట్టువే. ఇంగ్లిష్ జెస్విటు నికొలస్ కింగ్ చేసిన పాత నిబంధన ఒక్కటి వేరే దారి. అది పాత నిబంధనకు ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్తువజింతు నుండి చేసింది.

ముందు పేజీలు చిరిగిపోయి ఉంటే మూడు చోట్ల తెరవండి, తెలిసిపోతుంది.

ఆదికాండము 3:15. పాము తలను నలిపేది ‘ఆమె’ అని ఉంటే లాటిన్. ‘అతడు’ అని ఉంటే హెబ్రీ. పాము తలమీద కాలు పెట్టిన మరియమాత స్వరూపాలకు ఆధారం ఆ లాటిన్ పాఠమే. సంఘం 1979లో సవరించిన కొత్త వుల్గేటులో మాత్రం ఇక్కడ ‘ఆమె’ లేదు.

మత్తయి 6:11. పరలోక ప్రార్థనలో రొట్టెకు ముందు నోరు తిరగని పొడవాటి ‘సూపర్‌సబ్‌స్టాన్షియల్’ ఉంటే అది డూయే-రీమ్స్. లూకా 11:3లో అదే పుస్తకంలో మామూలుగా ‘అనుదిన’ అనే ఉంటుంది. గ్రీకులో రెండు చోట్లా మాట ఒకటే. జెరోము ఒక్కోచోట ఒక్కోలా తీసుకున్నారు.

తోబీతు (కతోలిక పాత నిబంధనలోని ఒక గ్రంథం) మొదటి అధ్యాయం. కథ ‘నేను’ అంటూ తోబీతే చెబుతుంటే గ్రీకు పాఠం. ‘అతడు’ అని ఎవరో చెబుతుంటే లాటిన్. ఈ పరీక్ష ఎప్పుడూ తప్పదు.

తోబీతు దగ్గర కాసేపు ఆగాలి

వివాహ తరగతుల్లో తోబీతును ఎక్కువగా వాడతారు గనుక ఇక్కడే పొరపాట్లు ఎక్కువ. కొత్త దంపతులు మొదటి మూడు రాత్రులు ప్రార్థనలో గడిపారన్న సంగతి చాలామంది ప్రసంగాల్లో వింటుంటాం. అది వుల్గేటులోనే ఉంది. కాబట్టి డూయే-రీమ్స్‌లో, నాక్స్‌లో దొరుకుతుంది. ఎన్.ఎ.బి. తెరిచి ఆరో అధ్యాయం, ఎనిమిదో అధ్యాయం ఎంత వెతికినా కనబడదు. అక్కడ దంపతులు పడుకునే ముందు లేచి ప్రార్థిస్తారు, అంతవరకే. అలాగే ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కుక్క ముందుగా పరుగెత్తి తోక ఆడించిన ముచ్చట వుల్గేటు 11:9. గ్రీకు పాఠంలో కుక్క వాళ్ళ వెంట నడుస్తుంది, తోక సంగతి లేదు. పిల్లల క్విజ్‌లో ‘కుక్క ఏమి చేసింది?’ అని అడిగితే ఏ బైబిలు ప్రకారమో ప్రశ్నలోనే రాయాలి. లేకపోతే సరైన జవాబు రాసిన పిల్లవాడికి మార్కు పోతుంది, వాళ్ళమ్మ వచ్చి మీతో వాదిస్తుంది, ఆమె వాదనే సరైనదవుతుంది.

కారణం ఇది. తోబీతుకు గ్రీకులోనే పొట్టి పాఠం, పొడుగు పాఠం అని రెండున్నాయి. జెరోము ఆ రెండూ కాకుండా అరమాయిక ప్రతి ఒకటి చూసి, తానే చెప్పుకున్నట్టు, ఒక్క రోజులో లాటిన్ చేశారు. ఎన్.ఎ.బి., ఎన్.ఆర్.ఎస్.వి. (ఆర్.ఎస్.వి.కి తర్వాతి సవరణ) లాంటి కొత్తవి పొడుగు పాఠాన్ని తీసుకున్నాయి. అందుకే వచనాల సంఖ్యలు కూడా కలవవు. డూయే-రీమ్స్‌లో ఇంకో తికమక ఉంది: తండ్రి పేరూ కొడుకు పేరూ రెండూ ‘తోబియాసే’. ఎవరి మాట ఎవరిదో పైన పేరు రాసుకుంటూ చదవండి.

సీరా గ్రంథానికీ ఇదే జాగ్రత్త. లాటిన్‌లో అదనపు వచనాలు చాలా ఉన్నాయి. మరియమాత పండుగలకు ఇష్టంగా వాడే ‘సుందరమైన ప్రేమకు తల్లిని నేను’ అనే మాట వుల్గేటు 24:24. కొత్త ఇంగ్లిష్ బైబిళ్ళలో అది పాఠంలో ఉండదు, కింద నోట్సులో ఉంటుంది.

కీర్తనల లెక్క

లాటిన్, గ్రీకు లెక్క ఒకటి, హెబ్రీ లెక్క ఇంకొకటి. మీ చేతిలోని పుస్తకం ఏ లెక్కలో ఉందో తెలుసుకోవడానికి కాపరి కీర్తన తీయండి. 23 అని ఉంటే హెబ్రీ లెక్క, 22 అని ఉంటే లాటిన్ లెక్క. నాక్స్‌లో, డూయేలో 22.

మార్చుకునే పద్ధతి కష్టమేమీ కాదు. 1 నుండి 8 వరకు, 148 నుండి 150 వరకు రెండిటిలో ఒకటే. మధ్యలో ఎక్కువ భాగం లాటిన్ అంకె ఒకటి తక్కువ, అంటే నాక్స్‌లో చూసిన అంకెకు ఒకటి కలిపితే తెలుగు బైబిలు అంకె వస్తుంది. మెలికలు నాలుగే. హెబ్రీ 9, 10 కలిపి లాటిన్‌లో ఒక్క 9. హెబ్రీ 114, 115 కలిపి లాటిన్ 113. హెబ్రీ 116ను లాటిన్ రెండు ముక్కలు చేసి 1-9 వచనాలను 114 అనీ, మిగతాదాన్ని 115 అనీ అంటుంది. హెబ్రీ 147ను కూడా రెండు చేస్తుంది: 1-11 వచనాలు 146, మిగిలినవి 147. ఈ నాలుగు మాటలు ఒక చీటీ మీద రాసి నాక్స్ బైబిలు కీర్తనల మొదటి పేజీలో అంటించేయండి.

ఇక్కడితో అయిపోదు, వచనం లెక్క కూడా చూసుకోవాలి. కీర్తన పైన ఉండే ‘దావీదు కీర్తన, నాతాను ప్రవక్త వచ్చినప్పుడు’ లాంటి శీర్షికను కొన్ని బైబిళ్ళు వచనంగా లెక్కపెడతాయి, కొన్ని పెట్టవు. తపస్సు కాలంలో అందరూ వాడే 51వ కీర్తన తీసుకోండి. ‘నాలో శుద్ధమైన హృదయం సృష్టించు’ అనేది బైబిలు సొసైటీ తెలుగు బైబిల్లో 51:10. ఎన్.ఎ.బి.లో 51:12. నాక్స్‌లో 50:12. మాట ఒకటే, చిరునామాలు మూడు. శుక్రవారం సిలువమార్గం కరపత్రంలో చాలా చోట్ల 50:10 అని వేస్తుంటారు. అది లాటిన్ కీర్తన అంకె, ప్రొటెస్టెంటు వచనం అంకె కలిసిపోయిన సంకరం. ఏ బైబిల్లోనూ ఆ చిరునామాలో ఆ మాట దొరకదు.

కీర్తనల బయట కూడా ఇలాంటివి కొన్ని ఉన్నాయి. పెంతెకోస్తు రోజు పేతురు చెప్పిన యోవేలు మాటలు తెలుగులో 2:28-32, ఎన్.ఎ.బి.లో 3:1-5. మలాకీ చివరి ఆరు వచనాలు తెలుగులో నాలుగో అధ్యాయం, ఎన్.ఎ.బి.లో 3:19-24. దానియేలులో అగ్నిగుండం కథకు కతోలిక బైబిల్లో 3:24 నుండి 90 వరకు ముగ్గురు యువకుల గీతం చేరుతుంది. కాబట్టి రాజు ఆశ్చర్యపోయి లేచి నిలబడడం మనకు 3:91, పక్కింటి లూథరన్ అన్నయ్య బైబిల్లో 3:24. గుంటూరులో ఒకే ఇంట్లో రెండు సంఘాలవాళ్ళుండడం మామూలే గనుక ఇది ముందే చెప్పుకుంటే మంచిది. ఎస్తేరు ఇంకా చిత్రం. ఆర్.ఎస్.వి. కతోలిక ప్రతిలో ఆ గ్రంథం 11వ అధ్యాయం 2వ వచనంతో మొదలవుతుంది. పేజీలు తారుమారయ్యాయని దుకాణంవాడికి తిరిగి ఇవ్వకండి. జెరోము చివర చేర్చిన గ్రీకు భాగాలను పాత అంకెలతోనే తిరిగి వాటి చోట్లలో పెట్టారు, అంతే.

పుస్తకాల పేర్లు కూడా మోసం చేస్తాయి. నాక్స్‌లో, డూయేలో ‘రాజులు’ నాలుగు. మొదటి రెండూ మన సమూయేలు గ్రంథాలు, మూడు నాలుగూ మన రాజుల గ్రంథాలు. దావీదు, బత్షెబ కథ కావాలంటే అక్కడ ‘2 రాజులు’ 11 తీయాలి. పారలిపోమెనోన్ అంటే దినవృత్తాంతములు. 2 ఎస్ద్రా అంటే నెహెమ్యా. ఎక్లీజియాస్టికస్ అంటే సీరా, ఎక్లీజియాస్టిస్ అంటే ప్రసంగి. ఈ చివరి జంటను కంగారులో మార్చేసేవాళ్ళు చాలామంది.

నాక్స్‌ను చదివే తీరు

ఒక్కో వచనం విడదీసి చదవడానికి రాసింది కాదు అది. నాక్స్ పేరా మొత్తాన్ని ఒక ఊపులో ఇంగ్లిషువాడు ఎలా చెబుతాడో అలా కట్టారు, వచనాల అంకెలను పక్క మార్జిన్‌లోకి నెట్టేశారు. లాటిన్‌లో మూడు వాక్యాలుంటే ఒకటి చేస్తారు, ముందున్నది వెనక్కి జరుపుతారు. యోహాను సువిశేషం మొదటి వాక్యంలోనే ‘కాలం మొదలయ్యేనాటికే వాక్కు ఉంది’ అనే అర్థం వచ్చేట్టు, ఆ ‘అప్పటికే’ను బయటికి తెచ్చి రాశారు. అర్థం చక్కగా దిగుతుంది. కానీ ‘ఇక్కడ అప్పటికే అనే మాట ఎందుకు వాడారు’ అని ప్రసంగం కట్టకూడదు, అది యోహాను పెట్టిన మాట కాదు. పౌలు లేఖలకు నాక్స్ ఎంతో సాయం. రోమీయులకు, ఎఫెసీయులకు రాసిన లేఖల్లో వాదన ఎక్కడ మలుపు తిరిగిందో ఆయన దగ్గర తెలిసినంత తేలిగ్గా ఇంకెక్కడా తెలియదు. పదాల అధ్యయనానికి మాత్రం ఆయన్ను ముట్టుకోవద్దు, దానికి ఇ.ఎస్.వి., ఆర్.ఎస్.వి. లాంటి పదం వెంట పదం నడిచేవి పనికొస్తాయి.

కింది నోట్సు తప్పక చదవండి. లాటిన్ ఒకటి, హెబ్రీ లేదా గ్రీకు మరొకటి అన్నచోట నాక్స్ నిజాయితీగా రాస్తారు. విలాపగీతాలు తెరిస్తే ఒక సరదా కనిపిస్తుంది. హెబ్రీలో మొదటి నాలుగు అధ్యాయాల పద్యాలు 22 అక్షరాల వరుసలో మొదలవుతాయి. నాక్స్ కూడా ఇంగ్లిష్ అక్షరమాల వరుసలో మొదలయ్యేట్టు రాశారు. శతకాల్లో అక్షర నియమంతో కుస్తీ పట్టిన కవులను ఎరిగిన మనకు ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. అలాంటిచోట మొదటి మాట నియమం కోసం వచ్చి ఉండవచ్చు, దాని మీద అర్థం నిలబెట్టకండి.

తెలుగులో నోట్సు రాసేటప్పుడు

పఠనం ఎంత చిన్నదైనా ముందు తెలుగులో రెండుసార్లు బయటికి చదవండి. తర్వాత ఒక పెద్ద కాగితం అడ్డంగా తీసుకుని మూడు గళ్ళు గీయండి: తెలుగు, గుడిలో ఇంగ్లిష్ పూజలో చదివే ఇ.ఎస్.వి. కతోలిక ప్రతి, నాక్స్. పది పదిహేను వచనాలకు మించి ఒకసారి పెట్టుకోకండి. మొత్తం రాయక్కర్లేదు, తేడా ఉన్న మాటలు మాత్రం రాయండి. ప్రతి తేడా పక్కన కారణం ఒక్క మాటలో వేయండి: ‘మూలం’, ‘శైలి’, ‘అంకె’. మూలం అని వేసినవే వ్యాఖ్యానానికి పనికొస్తాయి, శైలి అని వేసినవాటిని వదిలేయండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు సరిగ్గా తిరగేసి, శైలి తేడాల మీద గంట మాట్లాడి మూలం తేడాను దాటేస్తారు.

ఫోనులో ఉచితంగా దొరికే ఇ.ఎస్.వి. యాప్‌ను కతోలిక ప్రతి అనుకోకండి. అందులో 66 గ్రంథాలే ఉంటాయి, మనకు 73. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు, ఎస్తేరు దానియేలులలోని అదనపు భాగాలు ఉండవు.

ఇంగ్లిషులోంచి తెలుగుకు దించేటప్పుడు మూడు చోట్ల కాలు జారుతుంది. నాక్స్‌లోని ‘దౌ’ను చూసి దేవుణ్ణి ‘నువ్వు’ అనేస్తారు. ఆ ‘దౌ’ అప్పటి ఇంగ్లిషులో ప్రార్థన భాష, చనువు కాదు. మన కతోలిక ప్రార్థనల్లో ‘మీ నామము పూజింపబడునుగాక’ అనీ, మరియమాతతో ‘ఏలినవారు మీతో ఉన్నారు’ అనీ ‘మీరు’ వాడతాం, ప్రార్థన నోట్సులో అదే ఉంచండి. రెండోది, ఇంగ్లిష్ ‘వుయ్’ అంటే మేమా మనమా అన్నది ఇంగ్లిష్ చెప్పదు. తుఫానులో పడవ మునుగుతుంటే శిష్యులు ‘నశించిపోతున్నాం’ అన్నది క్రీస్తును కలుపుకొనా, కలపకుండానా? దాన్ని బట్టి వాళ్ళ మాటలో భయం, నిష్ఠూరం మారిపోతాయి. ఇక్కడ మీ సొంత తీర్పు వాడకుండా తెలుగు బైబిలు ఏది తీసుకుందో దాని వెంట వెళ్ళండి. మూడోది చుట్టరికాలు. లూకా 1:36లో పాత ఇంగ్లిష్ ‘కజిన్’ చూసి ఎలిశబేతమ్మను మరియమ్మకు పెద్దమ్మ కూతుర్ని చేసేస్తారు. గ్రీకులో ఉన్నది ‘బంధువురాలు’ అని మాత్రమే. ఇంగ్లిష్ ‘బ్రదర్’ దగ్గర కూడా అన్నో తమ్ముడో తేల్చకుండా ‘సోదరుడు’తో సరిపెట్టండి.

గుడిలో ఏది చదవచ్చు, ఏది కూడదు

పూజలో నాక్స్ చదవకూడదు. ఎంత బాగున్నా సరే. మన దేశంలో ఇంగ్లిష్ పూజకు 2020 ఏప్రిల్ 5, మట్టల ఆదివారం నుండి ఇ.ఎస్.వి. కతోలిక ప్రతితో తయారైన పఠన గ్రంథం వాడుకలో ఉంది. పీఠం మీద ఉన్న ఆ పుస్తకంలోంచే చదవాలి, ఫోనులోంచి కాదు. ఇళ్ళలో ప్రార్థన కూటం, ధ్యానం, తరగతి, వ్యాఖ్యానం వీటికి నాక్స్ నిశ్చింతగా వాడుకోవచ్చు. జెరూసలేం బైబిలు తీసుకుని కూటంలో చదువుతుంటే ‘యాహ్వే’ అన్నచోట ‘ప్రభువు’ అని చదవండి. ఆ నామాన్ని ఆరాధనలో, పాటల్లో పలకవద్దని 2008లో రోము నుండి లేఖ వచ్చింది.

పుస్తకం కొనే ముందు కూడా ఒకటి చూడాలి. 1983 కానన్ చట్టంలో 825వ నియమం ప్రకారం బైబిలు అనువాదం అచ్చేయాలంటే పీఠాధిపతుల సమాఖ్యగానీ పాపుగారి పీఠంగానీ అనుమతి ఇవ్వాలి, అవసరమైన వివరణలు కూడా ఉండాలి. అందుకే కతోలిక బైబిల్లో ‘ఇంప్రిమాతూర్’ (అచ్చు వేయవచ్చు) అనే మాట ముందు పేజీల్లో ఉంటుంది, కింద నోట్సు ఉంటాయి. నోట్సు అసలే లేని పలచటి ప్రతి కతోలికమని అమ్ముతుంటే అనుమానించండి. ‘అపోక్రిఫాతో’ (ప్రొటెస్టెంటులు బైబిల్లో లెక్కపెట్టని గ్రంథాలతో) అని ఉన్న పెద్ద ప్రతుల్లో 3, 4 మక్కబీయుల లాంటివి కూడా ఉంటాయి, అవి మన 73లోవి కావు.

చివరగా చిరునామా రాసే పద్ధతి. కరపత్రంలోగానీ ప్రశ్నపత్రంలోగానీ తెలుగు బైబిలు అంకె ముందు వేసి, లాటిన్ అంకె బ్రాకెట్లో ఇచ్చి, పక్కన ఏ బైబిలో రాయండి: ‘కీర్తన 51 (50), నాక్స్’. తోబీతు, సీరా, ఎస్తేరులైతే వచనం అంకె సరిపోదు గనుక ఆ వాక్యంలోని మొదటి నాలుగు మాటలు కూడా ఇచ్చేయండి. వినేవాళ్ళు ఏ ప్రతి తెచ్చుకున్నా వేలు పెట్టి వెతుక్కుంటారు.